కుడి గదికి కబురు లేదు

కోడిపిల్లల పరిశోధనశాలలో సీసాలు కడిగే గది మెట్ల కింద ఉంటుంది. తొమ్మిదేళ్లు ఆ గదిలో ఒక్క మనిషే పనిచేసింది. అయినా నడవలో వెళ్లేవాళ్లకు లోపల నలుగురు కూర్చుని తగువు తీర్చుకుంటున్నట్టే వినిపించేది. ఆమె సీసాతో మాట్లాడేది, కుళాయితో పోట్లాడేది, సీసా మూత కనపడకపోతే ఆ మూతను కన్నవాళ్లను కూడా వదిలేది కాదు. ఆమెకు అమ్మానాన్నలు పెట్టిన పేరు ఒకటి ఉంది గానీ, అది హాజరుపట్టీ దాటి బయటికి రాలేదు. అందరికీ ఆమె రేడియో పెద్దమ్మ.

పైఅంతస్తులో కోడిపిల్లలను చూసుకునే ఆయన ఇంకో రకం. పదకొండేళ్లలో ఆయన గొంతు విన్నవాళ్లు ముగ్గురో నలుగురో. ఆయన్ను మౌనంగారు అనేవాళ్లు. మౌనంగారు పదవీ విరమణ చేసిన రోజున దండ వేసి మాట్లాడమంటే, చేతులు జోడించి కూర్చున్నాడు.

ఆ ఖాళీలోకి పెద్దమ్మ వెళ్లగలిగిందంటే కారణం ఆమె కోడలు. కోడిపిల్లల దగ్గర పనిచేసేవాళ్లు రోజూ పుస్తకం రాయాలి. పెద్దమ్మ నలభై ఎనిమిదేళ్లు వచ్చేదాకా వేలిముద్ర మనిషి. భర్త పోయాక, సాయంత్రాలు గోడలతో మాట్లాడుతుంటే చూడలేక, కాలేజీలో సైన్సు చదివిన కోడలు పలక తెచ్చింది. అత్తకు కోడలు అక్షరాలు దిద్దించిన ఇల్లు ఆ వీధిలో అదొక్కటే. "అత్తయ్యా, 'మ' కి కొమ్ము పక్కకి, పైకి కాదు" అని కోడలు వేలి మీద కొడితే, "నీ పెళ్లిచూపుల్లోనే నాకు అనుమానం వచ్చిందే, నువ్వు చెయ్యి చేసుకునే రకమని" అంటూ మళ్లీ దిద్దేది. రెండేళ్లకు పేపరు చదివింది. మూడో ఏడు కలం జేబులో, అంటే జాకెట్టులో, పెట్టుకుని తిరగటం మొదలుపెట్టింది.

పరిశోధనశాల పెద్దసారు ఆమెను పిలిచి చెప్పాడు. "ఆరు నెలలు చూస్తాను. పుస్తకం సరిగ్గా సాగి, పిల్లల విషయంలో ఏ పొరపాటూ రాకపోతే ఆ గదులు నీవి. పొరపాటు వస్తే మళ్లీ సీసాలే."

"పొరపాటు నా ఇంటా వంటా లేదు సారూ" అంది పెద్దమ్మ.

ఆ పుస్తకంలో ఒక్కో రోజుకు ఆరు గడులు. తేదీ, గది వేడి, మేత, నీళ్లు, చనిపోయినవి. చివరి గడి పేరు 'విశేషాలు'. మౌనంగారు పదకొండేళ్లూ ఆ గడిలో అడ్డగీత గీశాడు. పెద్దమ్మకు ఖాళీ గడి చూస్తే, వినటానికి సిద్ధంగా ఉన్న చెవిని చూసినట్టే ఉంది.

ఆమె చేతికి వచ్చిన మొదటి పని డాక్టరమ్మది. డాక్టరమ్మ అంటే మనుషుల డాక్టరు కాదు. కోళ్ల రక్తం గురించి మూడేళ్లుగా తల పగలగొట్టుకుంటున్న పిల్ల. వయసు ముప్పై దాటలేదు. జడ వేసుకునే తీరిక లేక జుట్టుకు పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది. పని మొదలుపెట్టే రోజున పెద్దమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పింది.

"పెద్దమ్మా, గుడ్డులోంచి అప్పుడే వచ్చిన కోడిపిల్ల రక్తంలో కూడా తెల్లకణాలుంటాయి. అందులో హెటెరోఫిల్ అని ఒక రకం. రోగం తెచ్చే క్రిమి కనపడితే మింగేసేది అదే. కానీ మొదటి వారం రోజులు దానికి పని రాదు. క్రిమి పక్కనుంచి పోతున్నా తిరిగి చూడదు."

"అర్థమైంది. మా ఆయన లాగా. ఎక్కడున్నాడో చల్లగా ఉండాలి గానీ, ఇంట్లో దొంగ పడితే దుప్పటి ముసుగేసుకున్నాడమ్మా."

"సరిగ్గా అదే! ఆ ముసుగు తీయించటానికి ఒంట్లో ఒక కణం ఇంకో కణానికి ఒక ప్రోటీన్ పంపిస్తుంది. అది కబురు లాంటిదన్నమాట. 'దొంగలొచ్చారు, లేవండి' అని. పెద్ద కోళ్లలో ఆ కబురు చకచకా వెళ్తుంది. పసిపిల్లల్లో ఆలస్యం. ఆ లోపల రోగం వచ్చి పిల్లలు పోతాయి. అందుకని మనమే ముందుగా కబురు పంపితే కణాలు లేస్తాయా లేదా అని చూస్తున్నాం."

'కబురు' అన్న మాట పెద్దమ్మ చెవికి ఎంత ఇంపుగా తగిలిందంటే, ఆ తర్వాత చెప్పినవాటిలో సగం ఆమె వినలేదు.

మర్నాడు ఒక్కరోజు పిల్లలు ఎనభై వచ్చాయి. ఎడమ గదిలో నలభై, కుడి గదిలో నలభై. పసుపు ముద్దల్లా ఉన్నాయి. పెద్దమ్మ ఒక్కోదాన్నీ పట్టుకుంటే డాక్టరమ్మ సన్నటి సూది వేసింది. ఎడమ గదిలో ఒక సీసాలోంచి, కుడి గదిలో ఇంకో సీసాలోంచి. రెండు సీసాల్లోనూ చూడటానికి నీళ్లే. పని ముగించి, చేతులు కడుక్కుంటూ డాక్టరమ్మ చెప్పింది.

"గిన్నెలు, చీపుళ్లు, చెప్పులు ఏ గదివి ఆ గదికే. బాగా గుర్తుపెట్టుకో పెద్దమ్మా. ఎడమ గదికి కబురు. కుడి గదికి కబురు లేదు. పొరపాటున కూడా కుడి గదికి కబురు అందకూడదు. అందిందా, మూడేళ్ల పని మట్టిపాలు."

డాక్టరమ్మ వెళ్లిపోయాక పెద్దమ్మ నడవలో నిలబడి ఆలోచించింది. సూదులా, రెండు గదులకూ వేశారు. మేతా, రెంటికీ ఒకటే. వేడి దీపాలూ ఒకటే. మరి తేడా ఎక్కడ? కబురులో! ఎడమ గదికి చెప్పాలి, కుడి గదికి చెప్పకూడదు. ఇంతమంది ఉండగా ఈ పనికి తననే ఎందుకు ఎంచుకున్నారో ఆ క్షణాన ఆమెకు తెలిసిపోయింది. తొమ్మిదేళ్లు రేడియో, రేడియో అని ఏడిపించినవాళ్లకు చివరికి రేడియో అవసరం పడింది.

ఆ వారం ఎడమ గది పిల్లలు విన్నన్ని సంగతులు ఆ ఊళ్లో ఏ మనిషీ విని ఉండడు. పొద్దున్నే తలుపు తీస్తూనే, "ఏమర్రా, లేచారా? నిన్న ఎక్కడ ఆపాను?" అని మొదలుపెట్టేది. మేడమీదావిడ తడిబట్టలు పిండకుండా ఆరేయటం, కింద నడిచే పెద్దమనిషి నెత్తిన నీళ్లు కారటం, ఆయన తలెత్తి చూసేసరికి ఆవిడ చీర చాటున దాక్కోవటం. బస్సులో చిల్లర లేదన్న కండక్టరు. కోడలి పిన్నిగారి గురక. పిల్లలు ఆమె కాళ్ల చుట్టూ చేరి, ఆమె ఊపిరి పీల్చుకోవటానికి ఆగినప్పుడల్లా కిచకిచమనేవి. ఊ కొట్టేవాళ్లు నలభైమంది ఒకేసారి దొరకటం ఎంత అదృష్టం! కొన్ని ఆమె చెప్పు మీదెక్కి నిద్రపోయేవి.

కుడి గది సంగతి పగవాడికి కూడా వద్దు. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. అలాంటిది పావుగంట మూసుకోవాలి. తలుపు ముందు ఆగి, దణ్ణం పెట్టుకుని, నోటికి గుడ్డ బిగించి కట్టుకుని, మునివేళ్ల మీద లోపలికి వెళ్లేది. నీళ్లు పోసి, మేత వేసి, ఒక్క మాట లేకుండా వచ్చేసేది. మూడో రోజున తుమ్ము వచ్చింది. దాన్ని లోపలే అణిచేసరికి కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆ గదిలో పిల్లలకు మనిషంటే గొంతు లేని రెండు చేతులు. ఎక్కణ్నుంచో ఊడిపడతాయి, మాయమవుతాయి. నీడ పడితే చాలు, చెల్లాచెదురయ్యేవి.

సాయంత్రం కూర్చుని, నాలుక కొస పంటికింద పెట్టి, పుస్తకం రాసేది. అంకెలు వేశాక చివరి గడికి వచ్చేది. గడి చిన్నది, ఆమె అక్షరాలు పెద్దవి. గీత దాటి, అంచు దాటి, పేజీ వెనక్కి వెళ్లేవి. 'ఎడమ: కబురు చెప్పాను. మేడమీదావిడ సంగతి సగం అయింది. కుడి: కబురు లేదు. తుమ్ము వచ్చింది. మింగాను.'

ఆరో రోజున రక్తం తీయటానికి డాక్టరమ్మ, ఆమెతో భూతద్దం వచ్చారు. భూతద్దం అంటే మైక్రోస్కోపు ముందు కూర్చుని కణాలు లెక్కపెట్టే ఆయన. ఏ గాజుపలక ఏ గదిదో ఆయనకు చెప్పరు. చెబితే లెక్క వంకర పోతుందని. ఆయనకు కణాలు తప్ప మిగతావన్నీ నవ్వులాటే.

"ఏం రేడియో, ఇవాళ ఏ స్టేషను?"

"నీ జుట్టు రంగు స్టేషను బాబూ. నిన్న నలుపు, ఇవాళ గోధుమ. రేపేమిటో ముందే చెప్తే వార్తల్లో పెడతాను."

ఎడమ గది తలుపు తీయగానే పిల్లలు పరిగెత్తుకుంటూ కాళ్ల దగ్గరికి వచ్చాయి. చేతిలోకి తీసుకుంటే కిమ్మనకుండా కూర్చున్నాయి. కుడి గదిలో మాత్రం ఇద్దరు మనుషుల మాటలు వినపడగానే నలభై పిల్లలూ ఒక మూలకు పోయి, ఒకదానిమీద ఒకటి గుట్టగా పడ్డాయి. ఒక్కోదాన్నీ పట్టుకోవటానికి భూతద్దం నేలమీద పాకాడు.

"చూశావా పెద్దమ్మా, కబురు అందిన పిల్లల ధైర్యం!" అంది డాక్టరమ్మ సంబరంగా.

"అంతా నా నోటి చలవమ్మా" అంది పెద్దమ్మ.

డాక్టరమ్మ అది హాస్యమనుకుని నవ్వింది. పెద్దమ్మ అది మెచ్చుకోలనుకుని నవ్వింది. ఆ నవ్వులు రెండూ కలిసిపోయాయి గానీ, సంగతి కలవలేదు.

మంగళవారానికి లెక్కలు వచ్చాయి. పెద్దమ్మ తుడిచే గుడ్డ పట్టుకుని, తుడవటానికి ఏమీ లేకపోయినా, డాక్టరమ్మ గది గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ జుట్టులోంచి పెన్సిలు తీసి బల్లమీద పెట్టేసింది. అది మంచి శకునం కాదు.

"రెండు గదులూ ఒకటే" అంది. "వంద తెల్లకణాల్లో హెటెరోఫిల్స్ ఎడమ గదిలో ఎన్నో కుడి గదిలోనూ అన్నే. కబురు అందని పిల్లల్లో కూడా పెరిగాయి. మౌనంగారి టైములో చేసినప్పుడు ఎంత తేడా వచ్చింది! ఈసారి ఏమైంది?"

"సూది మీరే వేశారు. లెక్క నేనే పెట్టాను. మేత అదే, దీపాలవే" అన్నాడు భూతద్దం. "మారిందల్లా..." అని ఆగి, గుమ్మం వైపు చూడకుండా చూశాడు.

పెద్దమ్మకు ఒళ్లు మండింది. "నన్నే అను బాబూ, మొహమాటం దేనికి? గిన్నెలు మార్చలేదు, చీపుళ్లు మార్చలేదు. కుడి గదికి ఒక్క ముక్క అందనివ్వలేదు. కావాలంటే పుస్తకం చూసుకోండి!"

డాక్టరమ్మ పుస్తకం తెప్పించి, వేడి చూసింది, మేత చూసింది, నీళ్లు చూసింది. అంకెలన్నీ సక్రమంగా ఉన్నాయి. చివరి గడి మీద ఆమె కన్ను ఆగలేదు. మూడేళ్లుగా అడ్డగీతలే చూసిన అలవాటు.

"శుక్రవారం పెద్దసారు చూస్తారు" అంది పుస్తకం మూసి. "తేడా లేదంటే ఈ పని ఆపేస్తారు. ఆ రెండు గదులూ మేత బస్తాలకి ఇచ్చేస్తామని ఎప్పటినుంచో అంటున్నారు."

మేత బస్తాలకు కబుర్లు చెప్పే మనిషి అక్కర్లేదు. పుస్తకం రాసే మనిషీ అక్కర్లేదు. పెద్దమ్మ కలం తడుముకుంటూ ఇంటికి వెళ్లింది.

బుధవారం సాయంత్రం ఆమె కోడలితో కలిసి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మాట్లాడకుండా రెండు దుప్పట్లు మడతపెట్టేసరికి కోడలు భయపడింది.

"అత్తయ్యా, ఒంట్లో బాగాలేదా?"

"నా ఒంటికేం, గుండ్రాయి. మనసే బాగాలేదు." అని మొత్తం చెప్పింది. "అంత నిష్ఠగా చేశానే అమ్మాయ్! ఆరు రోజులు కుడి గదిలో నోరు మెదపలేదు. తుమ్ము కూడా మింగాను."

కోడలి చేతిలో తువ్వాలు ఆగిపోయింది. "నోరు మెదపకపోవటం ఏమిటి?"

"కబురు చెప్పొద్దందిగా."

"ఎవరికి?"

"కుడి గది పిల్లలకి."

"ఎడమ గది వాటికి చెప్పారా?"

"చెప్పకపోతే ఎలా? అదే కదా పని! మన మేడమీదావిడది, మీ పిన్ని గురకది..."

కోడలు మొదట నోరు నొక్కుకుంది. తర్వాత నవ్వింది. తర్వాత నవ్వలేక నేలమీద కూర్చుండిపోయి, తువ్వాలుతో కళ్లు తుడుచుకుంది. "అత్తయ్యా... కబురంటే... ఆ సూదిలో ఉన్నదండీ!"

"సూది రెంటికీ వేసిందిగా!"

"ఒకదాన్లో ఆ ప్రోటీన్ ఉంటుంది. ఇంకోదాన్లో ఉత్త ఉప్పునీళ్లు. ఒక గదికే సూది వేస్తే ఆ పిల్లలే భయపడతాయి కదా. భయం రెండు గదుల్లోనూ సమానంగా ఉండాలని రెంటికీ వేస్తారు."

పెద్దమ్మ మడతపెట్టిన దుప్పటి విప్పి మళ్లీ మడతపెట్టింది. తొమ్మిదేళ్లు సీసాలు కడిగినా ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తనూ అడగలేదు. చెప్పటంలో పడి అడగటం మర్చిపోయే జబ్బు తనకు ముందునుంచీ ఉంది.

"మా పిన్ని గురక కోడిపిల్లలకి కూడా తెలిసిపోయిందా?" కోడలు ఇంకా నవ్వుతూనే ఉంది. "పోనీలెండి, మాట్లాడకపోతే కొంపేం మునిగింది? ఎవరికీ చెప్పకండి, నవ్వుతారు."

కానీ పెద్దమ్మ చెవిలో ఒక్క మాటే తిరుగుతోంది. భయం సమానంగా ఉండాలి. ఎడమ గదిలో చెప్పు మీదెక్కి నిద్రపోయిన పిల్లలు, కుడి గదిలో మూలకు గుట్టపడ్డ పిల్లలు. భయం ఎక్కడ సమానంగా ఉంది?

"మునిగిందే అమ్మాయ్" అంది నెమ్మదిగా. "కొంపే మునిగింది."

గురువారం పొద్దున ఆమె అందరికంటే ముందు వచ్చి పుస్తకం తెరిచింది. చివరి గడిలో ఆరు రోజుల కబుర్లూ గీతలు దాటి కూర్చుని ఉన్నాయి. ఎవరూ చదవలేదు, ఇకమీదట చదవరు కూడా. ఊరుకుంటే సరిపోతుంది. పని ఆగిపోయినా, పిల్లల గదులు పోయినా, తప్పు తనదని ఎవరూ అనలేరు. చెబితే మాత్రం పెద్దసారు మాట మాటే. మెట్ల కింద గది, కుళాయి, సీసాలు.

పేజీ చివర వేలు పెట్టి కాసేపు కూర్చుంది. చింపటానికి చెయ్యి రాలేదు. అవి ఆమె తన చేత్తో, ఎవరూ చెప్పి రాయించకుండా రాసిన మొట్టమొదటి మాటలు. పైగా ఇంకో కడుపుమంట కూడా ఉంది. అంత కష్టపడి రాస్తే, మేడమీదావిడ సంగతి తర్వాత ఏమైందని ఒక్కళ్లు, ఒక్కళ్లంటే ఒక్కళ్లు, అడగలేదు.

డాక్టరమ్మ అట్టపెట్టెలో కాగితాలు సర్దుతోంది. భూతద్దం గాజుపలకల పెట్టెలు పట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, కూర్చో. నేను చదువుతాను, నువ్వు విను. చదివేటప్పుడు మధ్యలో ఆపొద్దు. ఆపితే నాకు వరస తప్పుతుంది" అంది పెద్దమ్మ. పుస్తకం బల్లమీద పెట్టి, వేలితో ఒక్కో అక్షరం తోసుకుంటూ మొదలుపెట్టింది.

"మొదటి రోజు. ఎడమ: కబురు చెప్పాను. పిల్లలు విన్నాయి. కుడి: కబురు లేదు. నోటికి గుడ్డ కట్టాను. రెండో రోజు. ఎడమ: బస్సు కండక్టరు సంగతి చెప్పాను. కుడి: మాట్లాడలేదు. పిల్లలు నన్ను చూసి పారిపోయాయి. మూడో రోజు. కుడి: తుమ్ము వచ్చింది. మింగాను. నాలుగో రోజు. ఎడమ: భూతద్దం జుట్టుకు రంగు వేస్తాడని చెప్పాను. అది ఎవరికీ తెలీదనుకుంటాడని కూడా..."

"ఇదా మీరు రాసింది?" భూతద్దం చెయ్యి తలమీదికి పోయింది.

"మధ్యలో ఆపొద్దన్నాను."

అయిదో రోజు, ఆరో రోజు పూర్తయ్యాయి. పెద్దమ్మ పుస్తకం మూసి, రెండు చేతులూ దానిమీద పెట్టింది.

"కబురంటే నా నోటిదనుకున్నానమ్మా. తప్పు నాదే. ఇక సీసాల గది తాళం ఇప్పించు."

డాక్టరమ్మ నవ్వుతుందో ఏడుస్తుందో కొంతసేపు తెలియలేదు. చివరికి నవ్వే గెలిచింది. ఆ వెంటనే బల్లమీది పెన్సిలు లాక్కుని జుట్టులో గుచ్చుకుంది.

"భయం!" అంది. "పెద్దమ్మా, భయపడ్డ కోడిపిల్ల రక్తంలో హెటెరోఫిల్స్ లెక్క పెరుగుతుంది. ఇది మాకు కొత్తేమీ కాదు. కుడి గదిలో భయం ఉందన్నదే తెలీదు! మౌనంగారు రెండు గదుల్లోనూ మాట్లాడలేదు, రెంటికీ భయం ఒకటే. నువ్వు ఒకదాన్లోనే మాట్లాడావు. అక్కడ కబురు వల్ల పెరిగాయి, ఇక్కడ భయం వల్ల పెరిగాయి. లెక్కలు సమానమైపోయాయి!" భూతద్దం వైపు తిరిగింది. "ఆ కణాలకి చచ్చిన క్రిముల్ని పెట్టి చూసిన పలకలు ఉన్నాయా, పారేశారా?"

"మింగుడు పలకలా? ఉన్నాయి. లెక్కే ఒకటైనప్పుడు ఇంకేం చూస్తాంలే అని మీరేగా అన్నారు."

"ఇప్పుడు చూడండి. ఏ గదివో చెప్పను."

భూతద్దం కూర్చున్నాడు. పెద్దమ్మ తుడిచే గుడ్డతో ఒకే బల్లను పదకొండుసార్లు తుడిచింది. మధ్యలో ఆయన ఆమెను పిలిచి కన్ను పెట్టమన్నాడు. తెల్లకణాలన్నారు గానీ, రంగు వేసేసరికి వాటి పొట్టనిండా ఎర్రని సూదిముక్కల్లాంటివి ఉన్నాయి. ఒకదాని పొట్టలో నల్లని చుక్కలు నాలుగు. "అవే, మింగిన క్రిములు" అన్నాడు. "అబ్బో, ఇది లేచిందిరోయ్" అంది పెద్దమ్మ.

మధ్యాహ్నానికి తేలింది.

"మొదటి పెట్టెలో వందకు అరవై దాకా మింగినవే" అన్నాడు భూతద్దం. "రెండో పెట్టెలో ఇరవై అయిదు దాటలేదు. జనం బోలెడు, పనిచేసేవాళ్లు లేరు."

"మొదటిది ఎడమ గది" అంది డాక్టరమ్మ. కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. "కబురు అందింది."

శుక్రవారం పెద్దసారు డాక్టరమ్మ చెప్పినదంతా విన్నాడు. పుస్తకం అడిగాడు. కళ్లజోడు పెట్టుకుని చివరి గడి మొదటి రోజునుంచి ఆరో రోజు దాకా, పేజీ వెనక వైపుతో సహా, చదివాడు. పెద్దమ్మ ఒక చెప్పు విప్పి ఒకటి వేసుకుని, నిలబడాలో వెళ్లిపోవాలో తెలియనట్టు ఉంది.

"మేడమీదావిడ సంగతి సగం అయిందని రాశావు" అన్నాడాయన.

"అవును సారూ."

"మిగతా సగం ఏమైంది?"

పెద్దమ్మకు గొంతు పెగల్లేదు. ఆమె జీవితంలో అది రెండోసారి. మొదటిసారి కుడి గదిలో.

"పొరపాటు జరిగింది. సీసాల గదికే పంపాలి" అన్నాడు పెద్దసారు. "కానీ పుస్తకం సరిగ్గా సాగితే గదులు నీవని కూడా అన్నాను. ఇంత సరిగ్గా సాగిన పుస్తకం ఈ బిల్డింగులో నేను చూడలేదు. తన తప్పు తానే, ఏ రోజుకు ఆ రోజు, రాసిపెట్టిన పుస్తకం." డాక్టరమ్మ వైపు తిరిగాడు. "మింగుడు లెక్క ఒక్కటే చాలదు. మళ్లీ చెయ్యి. ఇంకొక్కసారే. రెండు గదులూ అన్నిట్లో సమానంగా ఉండాలి. మాటల్లో కూడా."

"అయితే రెండింట్లోనూ మౌనంగా..." అని డాక్టరమ్మ అనబోయింది.

"ఇంకో ఆరు రోజులు నోరు మూసుకోవటం నావల్ల కాదమ్మా" అంది పెద్దమ్మ. "అంతకంటే సీసాలే నయం."

అలా, ఆ పరిశోధన కాగితాల్లో, మేత కొలతకూ దీపాల వేడికీ మధ్యన, ఒక కొత్త వాక్యం చేరింది. 'రోజుకు రెండుసార్లు, ఒక్కో గదిలో పావుగంటసేపు, ఒకే కబురు, ఒకే గొంతుతో చెప్పవలెను.' మళ్లీ ఎనభై కొత్త పిల్లలు వచ్చాయి. ఏ గదికి ఏ సూదో ఈసారి పెద్దమ్మకు కూడా చెప్పలేదు. సీసాల మీద చుక్కలు మాత్రమే పెట్టారు.

చెప్పటమే కదా, తేలికనుకున్నారు అందరూ. మొదటి రోజే చిక్కు వచ్చింది. డాక్టరమ్మ గడియారం పట్టుకుని నడవలో నిలబడింది. ఎడమ గదిలో మేడమీదావిడ తడిబట్టల కింద తడిసింది ఒక్క పెద్దమనిషి. పెద్దమ్మ కుడి గదికి వచ్చేసరికి ముగ్గురు తడిశారు. ఒకాయన గొడుగు కూడా విరిగింది.

"పెద్దమ్మా! అక్కడ ఒక్కడేగా తడిసింది?"

"నిజమేనమ్మా. చెప్తుంటే ఇంకో ఇద్దరు వచ్చి నిలబడ్డారు. ఏం చెయ్యను?"

రెండో పూటకు గొడుగాయన మేడెక్కి తలుపు కొట్టాడు. ఒక గదిలో చెప్పిన కబురు గుమ్మం దాటితే పెరగకుండా ఉండటం లోకంలో ఎక్కడైనా జరిగిందా? అది ఆమె తప్పు కాదు, కబురు గుణం అది.

ఆ సాయంత్రం పెద్దమ్మ కోడలి దగ్గర తెల్లకాగితాలు అడిగింది. ఎవరు తడిశారో, ఎవరు తిట్టారో, ఆవిడ ఏ రంగు చీర చాటున దాక్కుందో, అంతా వరసగా రాసింది. కోడలు పక్కన కూర్చుని ఒత్తులు సరిచేసింది. "మొదట ఒక్కడే తడిశాడని చెప్పారుగా అత్తయ్యా?" అంటే, "ఒక్కడు తడిస్తే కథేముందే, పిచ్చిదానా" అంది. ఆరు రోజులకు ఆరు కాగితాలు. రెండో రోజునుంచి ఆమె స్టూలు వేసుకుని, కళ్లజోడు సర్దుకుని, ఉన్నది ఉన్నట్టు రెండు గదుల్లోనూ చదివి వినిపించింది. ఒక్క అక్షరం పెరగలేదు, తరగలేదు. రెండు గదుల్లోనూ పిల్లలు స్టూలు కాళ్ల చుట్టూ చేరాయి. ఏ గదిదో తెలియని ఒక పిల్ల గొడుగు విరిగిన చోట కాగితం మీద రెట్ట వేసింది. నచ్చిందనే ఆమె లెక్క.

మొదటి రోజు సంగతేమిటని డాక్టరమ్మ అడిగింది. పెద్దమ్మ దాచలేదు. 'మొదటి రోజు: ఎడమ గదిలో ఒకడు, కుడి గదిలో ముగ్గురు. నాదే తప్పు' అని పుస్తకంలో ఉంది.

రక్తం తీసిన మూడో రోజు మధ్యాహ్నం డాక్టరమ్మ నడవలో పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకాల భూతద్దం. ఆయన జుట్టు నెరిసి ఉంది, సగం.

"తేడా వచ్చింది పెద్దమ్మా! లెక్కలోనూ వచ్చింది, మింగుడులోనూ వచ్చింది. మౌనంగారప్పుడు వచ్చినట్టే!"

"ఏ గదమ్మా లేచింది?"

"కుడి గది" అంది డాక్టరమ్మ. "ఈసారి కబురు కుడి గదికి పంపాను."

పెద్దమ్మ కుడి గది తలుపు తీసి లోపలికి తొంగి చూసింది. నలభై పిల్లలు తలలెత్తి, ఇంకా ఏమైనా ఉందా అన్నట్టు ఆమె నోటివంక చూశాయి.

"అప్పుడు అంత నోరు కట్టుకున్నందుకు ఈ గది బాకీ తీరిందర్రా" అంది.

ఆ సాయంత్రం ఆమె పుస్తకం తెరిచి అయిదు గడులూ నింపి, ఆరో గడి దగ్గర కాసేపు ఆగింది. ఇప్పుడు ఆ గడిని పెద్దసారు వారానికోసారి తెప్పించుకుని చదువుతున్నాడు. అక్షరాలు ఈసారి గీత దాటకుండా, చిన్నవిగా, పొందిగ్గా రాసింది.

'రెండు గదులకూ ఒకే కబురు చెప్పాను. ముగ్గురే తడిశారు.'